అమ్మ ముఖమూ పాత స్కానరూ

వీధిలో అందరూ ఆయన్ని కదలొద్దుగారు అనేవారు. పెళ్లికూతురి నుంచి పాలు తాగే పసిపిల్ల దాకా, కెమెరా ముందుకొచ్చిన ప్రతి ప్రాణినీ "కదలొద్దు" అని గద్దించి ఫొటో తీసిన మనిషి. ఫోన్లు వచ్చాక జనం కదులుతూనే ఫొటోలు దిగడం నేర్చుకున్నారు. ఇంటి ముందుగదిలోని స్టూడియో నీలం తెర మడతల్లో నిశ్శబ్దం ఒక్కటే బుద్ధిగా కూర్చుని ఉండేది.

ఆయన గర్వమంతా బల్ల మీది పాత స్కానర్. నెగెటివ్‌లు కూడా చదివే రకం. కూతురు కొత్త కంప్యూటర్ కొనిపెట్టగానే పాతది పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. స్కానర్ని మాత్రం "ఇలాంటి గాజు ఇప్పుడెవడు చేస్తాడు?" అంటూ ఉంచుకున్నాడు. ఇక మీదట ఆ గాజు ఎవరితో మాట్లాడుతుందన్నది ఆయనకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది, కవర్లో ఒకే ఒక్క నెగెటివ్ పట్టుకుని. వాళ్లమ్మది. ఫొటో ఏనాడో చెమ్మకు పోయింది. మిగిలిన ఈ ఫిల్ము ముక్క అంచుల్లోనూ బూజు పాకుతోంది.

"అన్నయ్యా, కళ్లు మూసుకుంటే అమ్మ ముఖం రావట్లేదు. ఇవాళ నీకు కుదరకపోతే వీధి మూల మీద ఫొటో ల్యాబ్‌కి ఇచ్చేస్తా."

"ల్యాబ్‌కా! అమ్మని తీసుకెళ్లి వాడి చేతిలో పెడతావా?"

పాత కేబుల్ కొత్త కంప్యూటర్లో పట్టలేదు. మధ్యలో పెట్టే అడాప్టర్ కొనుక్కొచ్చాడు. పట్టింది. 'గుర్తు తెలియని పరికరం' అంది కంప్యూటర్. ఆ మాట తననే అన్నట్టు ఆయన మొహం మాడిపోయింది. పీకాడు, పెట్టాడు, ఊదాడు, స్కానర్ నెత్తిన ఒకటి వేశాడు.

"దండం కూడా పెట్టి చూడండి" అంది భార్య వంటగదిలోంచి. "మా తమ్ముణ్ణి పిలవనా?"

"వాడా? అక్కర్లేదు."

ఆవిడ అప్పటికే పిలిచేసింది. కంప్యూటర్లు బాగుచేసే బావమరిది నవ్వుతూనే గుమ్మం ఎక్కాడు.

"ఏం బావా, నీ స్కానర్‌కి సంబంధం కుదర్లేదా?"

"నా పిల్ల బంగారం. మీ పెళ్లికొడుకే మొద్దు."

"మొద్దు కాదు, భాష రాదంతే. మధ్యవర్తి కావాలి. కంపెనీవాళ్లు ఈ స్కానర్ని ఎప్పుడో వదిలేశారు. బయటివాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేస్తా."

వేశాడు. కాసేపటికి స్కానర్ నిద్రలో ఒత్తిగిలినట్టు మూలిగింది. గాజు కింద దీపం, బావి అడుగున వెన్నెల నడిచినట్టు, మెల్లగా కదిలింది.

కదలొద్దుగారికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే పొగరు కూడా.

"ఇక లే. ఇక్కణ్ణించి చెయ్యి తిరిగినవాడి పని. ఫిల్ముకి మెరిసే వైపొకటి, మసక వైపొకటి ఉంటాయి. మీ ల్యాబ్ కుర్రాళ్లలో ఒక్కడికైనా తెలుసా?"

ఆ ఉపన్యాసం మధ్యలోనే ఫిల్మును తప్పు వైపుకి తిరగేసి పెట్టాడు.

తెర మీద అమ్మ వచ్చింది, కుడి చెంప మీద పుట్టుమచ్చతో. చెల్లెలు ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత ఆమె కనుబొమలు దగ్గరపడ్డాయి.

"పుట్టుమచ్చ ఎడమ చెంప మీద కదూ?"

"కుడి."

"ఎడమే అన్నయ్యా. ఎత్తుకున్నప్పుడల్లా గిల్లేదాన్ని."

"చంటిదానివి, నీకు కుడెడమలు తెలుసా? అమ్మకి కుడివైపే!"

"బావా, ఆ ఫిల్ము..."

"నువ్వు నోర్ముయ్."

తన చెయ్యి తప్పింది అనడం కన్నా కన్నతల్లి పుట్టుమచ్చను జరపడమే ఆయనకు సులువనిపించింది. చెల్లెలు మూత ఎత్తి, ఫిల్ము తీసి కవర్లో పెట్టుకుంది.

"వదినా, ల్యాబ్ ఎంతదాకా తెరిచుంటుంది?"

ఆయన చెయ్యి చాచాడు, ఆమె కళ్లలోకి చూడకుండా.

"ఇలా తే. గాజు మీద దుమ్ముంది. ఇంకోసారి తీస్తా."

ఎవరికీ కనబడకుండా వీపు అడ్డం పెట్టి ఫిల్ము తిప్పాడు. అందరికీ కనబడింది. దీపం మళ్లీ నడిచింది. ఈసారి పుట్టుమచ్చ ఎడమ చెంప మీదే ఉంది.

"ఈ కొత్త కంప్యూటర్లింతే. ఒక్కోసారి తిప్పి చూపిస్తాయి."

చెల్లెలు రెండు వేళ్లు తెర మీద ఆనించి, అమ్మ చెంప గిల్లుతోంది.