సౌనలో పురిటి నీళ్ళు

ఈ ఉదయం ఆరూ ఇరవైకి గీజరు స్విచ్ వేసి, నీళ్ళు కాగేలోపు బాత్రూం కిటికీ తెరిచాను. కింద నిన్న కొట్టేసిన వేపకొమ్మలు కుప్పగా పడి ఉన్నాయి. వాడిన వేపాకు వాసన పైదాకా వచ్చింది. చాలామందికి ఆ వాసనతో ఉగాది గుర్తొస్తుందేమో. నాకు దుఖాన్‌లో మా పక్కింటి చెక్కగది గుర్తొస్తుంది.

దుఖాన్ ఖతార్‌కు పడమటి ఒడ్డున ఉన్న చమురు ఊరు. తొంభైల నడుమ నాన్న అక్కడ ఇంజనీరు, నాకు ఎనిమిదేళ్ళు. ఒకేలా ఉండే కంపెనీ క్వార్టర్లు, ఎండాకాలమంతా ఆగకుండా మోగే ఏసీలు, గాలి లేచిన రోజు తలుపుల కింద తడిగుడ్డలు కుక్కినా అన్నంలో పంటికి తగిలే ఇసుక, శుక్రవారం పొద్దున అమ్మ పోసే పెసరట్లు, సాయంత్రం మోకాలిలోతు సముద్రంలో పీతల వెంట పరుగులు, నాకు తెలిసిన ఊరంటే అదే. పక్కింట్లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఐలా ఆంటీ, ఆమె భర్త ఉండేవాళ్ళు. ఆయన కంపెనీకి పంపులు ప్యాకయి వచ్చిన పెట్టెల చెక్కతో వాళ్ళ స్టోర్‌రూమును సౌనగా మార్చుకున్నాడు. మెట్లలా బల్లలు, మూలన కరెంటు పొయ్యి, దానిమీద నల్లరాళ్ళు. కాలిన రాళ్ళమీద నీళ్ళు చల్లి, ఆ ఆవిరిలో చెమటలు కారేలా కూర్చోవడం వాళ్ళ స్నానం.

నన్ను బడికి దింపే డ్రైవరు మస్తానయ్యది రాయచోటి వైపు. "ఏంది పాపా, బయట ఉడికేది చాల్లేదని లోపల ఇంకో పొయ్యి పెట్టుకున్యారా? నన్నడిగింటే ఏసీ ఆపేసి ఈ బండిలోనే కూచోబెడుతుంటి గదా!" అని నవ్వేవాడు.

ఐలా ఆంటీ నాకు నేర్పిన మొదటి మాట సౌన. లోపలికి వెళ్తూ 'సౌనాన్' అనేది, కూర్చున్నాక 'సౌనస్సా', బయటికొస్తూ 'సౌనస్తా'. సౌనలోకి, సౌనలో, సౌనలోంచి. ఇంగ్లీషులోలా ముందు చిన్నమాటలు పెట్టనక్కర్లేదు, మనలాగే చివర తోక తగిలిస్తే చాలు కాబట్టి ఒక్క మధ్యాహ్నంలో వచ్చేసింది. లోపల గట్టిగా మాట్లాడకూడదని, ఎవరితోనూ పోట్లాడకూడదని చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ పుట్టింది సౌనలోనేనట, పోయాక కడసారి స్నానం చేయించిందీ అక్కడేనట. వాళ్ళ దేశంలో తెల్లబెరడు చెట్టు ఒకటి ఉంటుందని, దాని ఆకుకొమ్మల కట్టతో ఒళ్ళంతా తట్టుకుంటారని చెప్పింది. దుఖాన్‌లో ఆ చెట్టు లేదు. అందుకని క్లబ్బు వెనక ఉన్న వేపచెట్టు కొమ్మలు విరిచి కట్టుకునేది.

ఆ చలికాలం అమ్మకు దోహా ఆసుపత్రిలో బాబు పుట్టి, మర్నాడే పోయాడు. వీసా రాక అమ్మమ్మ రాలేకపోయింది. అమ్మ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. పురుడు కడగాల్సిన రోజు దాటిపోయినా తలస్నానం చెయ్యలేదు.

"గీజరుంది కదా, పోసుకోరాదూ?" అన్నాడు నాన్న.

"పురిటి నీళ్ళు ఎవరికి వాళ్ళు పోసుకోరండీ. అయినా పిల్లాడే లేకపోయాక ఎందుకులెండి."

ఆ తరవాత అమ్మ మాట్లాడటం మానేసింది. అన్నం పళ్ళెం తాకకుండానే తిరిగొచ్చేది. నాన్న డ్యూటీకి వెళ్తూ అమ్మను కనిపెట్టుకుని ఉండమనేవాడు. ఎలా కనిపెట్టుకోవాలో చెప్పేవాడు కాదు. నేను గుమ్మంలో కూర్చుని, దుప్పటి పైకీ కిందికీ కదులుతోందా లేదా అని చూస్తూ ఉండేదాన్ని.

ఒక సాయంత్రం ఐలా ఆంటీ వచ్చింది. ఒక చేతిలో తువ్వాలు, ఒక చేతిలో వేపమండల కట్ట. "సౌనాన్," అంది నాతో, అమ్మను చూపిస్తూ. అమ్మ ఇటు తిరిగి ఆ మండల వైపే చూసింది.

"వేపమండలా? ఈవిడకెవరు చెప్పారే?"

మా ఊళ్ళో పురిటిగది గుమ్మానికి వేపమండలు కడతారు, బాలింత నీళ్ళలో వేపాకు వేసి కాస్తారు. ఐలా ఆంటీకి అదేమీ తెలియదు. ఆమెకు అవి దొరకని చెట్టుకు బదులు. అది నాకు తెలుసు, కానీ ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. అమ్మ లేచి నూనెగిన్నె, పసుపు తెచ్చుకుంది.

సౌనలో అమ్మ పాత నేతచీరతోనే కూర్చుంది. నేను కింది బల్లమీద కూర్చున్నాను. ఆంటీ రాళ్ళమీద నీళ్ళు చల్లింది. అమ్మ కాదన్నట్టు తలూపి, తన నడినెత్తి మీద చెయ్యి పెట్టి చూపించింది. ఆంటీ చెక్కబక్కెట్లో గోరువెచ్చని నీళ్ళు గరిటెతో ముంచి అమ్మ తలమీద పోసింది. బక్కెట్ ఖాళీ అయ్యేదాకా పోసింది. ఎవరూ ఏడవలేదు. ఇంటికొచ్చాక అమ్మ, "అన్నం ఏమైనా ఉందటే?" అని అడిగింది. పచ్చడి కలుపుకుని సగం పళ్ళెం తిన్నది.

కాంట్రాక్టు అయిపోయి ఐలా ఆంటీ వాళ్ళు వెళ్ళిపోయారు. చెక్కగది పీకేసి ఆ క్వార్టరు ఇంకెవరికో ఇచ్చారు. నిరుడు అమ్మ పోయింది. ఆసుపత్రివాళ్ళే తుడిచి, తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. అక్కడినుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళ్ళాం.

గీజరు మీద ఎర్రలైటు ఆరింది. కిటికీ మూశాను. మా ఇంట్లో ఇప్పుడు ఒకరి తలమీద ఒకరు నీళ్ళు పోయరు.