వెనక నుంచి పిలిచిన రోజు

నా కూతురు డాక్టరు చదువుకి రష్యా బయలుదేరిన ఉదయం, అది వెళ్ళేదాకా నేను గడప దాటలేదు. మొగుడు పోయినదాన్ని ఎదురు రాకూడదని, కృష్ణానగర్‌లో మా ఇంటి ఓనరమ్మే దానికి ఎదురొచ్చింది. వెళ్ళేవాళ్ళను వెనక నుంచి పిలవకూడదు కదా, అందుకని నోరు కూడా మూసుకున్నాను. అది స్నేహితురాళ్ళతో కారెక్కి వెళ్ళిపోయింది.

ఆ వెంటనే ఫిలింనగర్‌లో డబ్బింగ్‌కి వెళ్ళాను. సినిమాల్లో అరుపులకీ ఏడుపులకీ గొంతు ఇవ్వడం నా పని. ఆ రోజు తెరమీద ఒక తల్లి, ఏట్లోకి నడిచిపోతున్న కూతురిని పిలవాలి. సరిగ్గా కుదిరేదాకా అదే ముక్క మళ్ళీ మళ్ళీ తిప్పుతారు.

“వెనక్కి రా తల్లీ!” అని అరిచాను.

“గొంతులో ఇసుక పోసుకున్నావేంటక్కా? ఇంకోసారి!” అన్నాడు రికార్డిస్టు.

తొమ్మిదిసార్లు పిలిచాక చాలన్నాడు. నా కూతురి విమానం ఇంకా లేవలేదని అప్పుడు గుర్తొచ్చింది.

వారం తర్వాత ఓనరమ్మ కేకేసింది. “ఓ చెల్లె, నీ బిడ్డ ఫోన్ చేసింది! జల్ది రా!”

“అమ్మా, హాస్టల్ వరండాలో నడుస్తుంటే నువ్వు వెనక నుంచి వెనక్కి రమ్మని పిలుస్తున్నావు,” అంది నా కూతురు. “తొమ్మిదిసార్లు. లెక్కపెట్టాను. వచ్చేయనా?”

రమ్మనాలని నా గొంతు ఎంత కొట్టుకుందో!

“అది నేను కాదే. తిరిగి చూడకు. చదువుకో.”

“చూశానమ్మా. ఎవరూ లేరు. నేలమీద తడి అడుగులున్నాయి.”

అది డాక్టరై వచ్చేదాకా, అలాంటి పిలుపు ఏ సినిమా తల్లికి కావాలన్నా, గొంతు పోయిందని అబద్ధమాడాను.