వల లాగే జాగా

మాఘ పౌర్ణమి వెళ్లిన మూడో నాడు, ఆదివారం, పొద్దున్న ఏడుంపావు. మా జాగా చూడ్డానికి కారొచ్చిన వేళ అది. ఇంత ఖచ్చితంగా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు నేనొకటంటే ఊళ్లో ఇంకోటి చెప్పుకుంటున్నారు. ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలు, తప్పులుంటే ఉంటాయి. మాట మాత్రం తప్పు రాయను.

మాది రాంబిల్లి దగ్గర సముద్రపొడ్డు. మా నాన్న ఇచ్చిన ఇసక జాగా నాదీ మా తమ్ముడిదీ పక్కపక్కనే. చూడ్డానికొచ్చినవాళ్లు కొంటే రెండూ కలిపి కొంటారట, ఒక్కటైతే వద్దట. తమ్ముడికి నడుం పోయింది, పడవెక్కలేడు. జాగా అమ్మి అనకాపల్లిలో కొట్టు పెట్టుకోవాలని వాడి ఆశ.

కార్లోంచి అనకాపల్లి బ్రోకరూ, ఒక తెల్లదొరా, దొరసానీ దిగేరు. వాళ్ల దేశంలో ఇప్పుడు మంచు కురుస్తోందట. మేం ఎండ తగలకుండా నెత్తిన కొంగు కప్పుకుంటుంటే ఆవిడ ఎండకేసి మొహం పెట్టి నిలబడిపోయింది. డబ్బు దొరది, రిజిస్ట్రీ కాగితం విశాఖపట్నం కంపెనీ పేరు మీదట. గదులు కడితే చలిదేశాలోళ్లు వచ్చి ఉంటారట.

బ్రోకరు మడమతో ఇసకలో గీత గీసుకుంటూ నడిచేడు. "గోడ ఇక్కడొత్తాది పిన్నీ."

అప్పుడు మావాళ్లు అలివి వల లాగుతున్నారు. ఒడ్డున తాడు పట్టుకొని వెనక్కి వెనక్కి నడుస్తూ లాగాలి దాన్ని. సముద్రం ఒడ్డు తినేసింది, అందుకని ఆ నడక మా జాగాలోకే వస్తుంది. తాడు ఎవరు పట్టినా చేపల్లో పాలివ్వాలి, అది మా కట్టుబాటు. దొర నవ్వుతూ వెళ్లి తాడు పట్టేడు.

"గట్టిగా లాగు దొరా," అన్నాడు మా మరిది. "అలా ముద్దుసేత్తే సేప పురిటికెళ్లిపోద్ది."

"నీకంటే నయమే," అంది వాడి పెళ్లాం, నా తోటికోడలు. "ఆయన సేత్తో లాగుతున్నాడు, నువ్వు నోటితో."

బ్రోకరు నా పక్కకొచ్చేడు. "మీ వల ఆపక్కర్లేదు పిన్నీ. సాయంకాలం గెస్టులు సూడ్డానికి లాగండి. సేప పడకపోయినా జీతం ఇత్తారు."

"మంచిదే కదప్పా," అంది తోటికోడలు, తాడు వదలకుండానే.

నాకూ ఆ మాట కాస్త పట్టింది. చేపల గంప మోసి మోసి మెడ అరిగిపోయిన దాన్ని. "ఆలోచిత్తాను," అన్నాను.

అంతలో చూసేను. దొర వెనక్కి నడుస్తూ నడుస్తూ బ్రోకరు గీత దాటేసేడు. తన గోడలోంచి తనే లోపలికొచ్చేసేడు. మా మరిదైతే దొర కంటే ఇంకా వెనక్కి, లోపలికి వెళ్లిపోయేడు. గోడే ఉంటే వీపులు దానికి ఆనుకునేవి, వల నీళ్లలోనే ఉండిపోయేది.

"నేనివ్వను," అన్నాను.

"మరి నా సంగతేటప్పా?" అన్నాడు నా వెనకే నడుం పట్టుకొని నిలబడ్డ తమ్ముడు.

"తెల్దురా. ఇవ్వను."

"నీకేటి, నువ్వేనాడైనా పడవెక్కేవా?"

నేను కొంగు నడుముకి దోపుకొని వెళ్లి తాడు పట్టేను.

వల ఒడ్డెక్కింది. దొర పాలు దొరకే ఇచ్చేం, సంతోషంగా పట్టుకెళ్లేడు. నా పాలు తమ్ముడికిస్తే ముట్టలేదు.

అప్పట్నుంచి కుదురు లేదు. తమ్ముడి గుమ్మం దాకా వెళ్తాను, వెనక్కొచ్చేస్తాను. కూచుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలీదు. అప్ప సరేనని మాట తప్పిందని వాడు చెప్పుకుంటున్నాడు. నేను సరే అనలేదు, ఆలోచిస్తానన్నాను. నమ్మనివాళ్లు అక్కడున్నవాళ్లని అడగండి. నేనూ, మా తమ్ముడూ, మరిదీ, తోటికోడలూ, వల లాగుతున్న మావాళ్లూ, అనకాపల్లి బ్రోకరూ, మాట తెలియకపోయినా నా మొహం చూసిన దొరా, దొరసానీ.