నిమ్మ వాసన గ్లాసులు

"పురుగుల్ని పట్టినందుకు కూడా జీతమిస్తారా బావా?" అని ఒకసారి బావమరిది అడిగాడు.

"ఇస్తార్రా. మెల్లగా ఇస్తారు," అన్నాడు బావ.

చాలా ఏళ్లుగా ఆయన పని అదే. వాన వదలని అడవిలో, కొండవాలు పొడవునా ప్లాస్టిక్ గ్లాసుల్ని అంచు నేలకు సమంగా ఉండేలా పాతి, సబ్బునీళ్లు పోస్తాడు. పాకుతూ వచ్చిన పురుగు అందులో పడుతుంది. ఏ వాలు మీద ఎన్ని రకాలున్నాయో తేలితేనే, ఏ వాలు మీది చెట్లను నరక్కుండా వదలాలో తేలుతుంది. దీన్ని అడవితల్లి సేవ అని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఇస్తారు. ఆయనకు మాత్రం అది మోకాళ్ల నొప్పి.

పోయిన ఏడాది వాసన లేని సబ్బు అయిపోయింది. దుకాణం దాకా నడిచే ఓపిక లేక, ఇంట్లో గిన్నెలు తోమే నిమ్మ సబ్బు కలిపేశాడు. వారం తిరిగేసరికి గ్లాసుల నిండా ఈగలు, తేనెటీగలు. ఆ పురుగుల్ని లెక్కపెట్టే పరిశోధకురాలు వచ్చి, ఒక గ్లాసు ఎత్తి వాసన చూసింది.

"అన్నా, ఇవి పాకుతూ వచ్చి పడ్డవి కావు. నువ్వు పిలిచి పీట వేస్తే వచ్చినవి."

"ఎన్ని పారబొయ్యాలమ్మా?"

"అన్నీ. ఇలాగే పైవాళ్లకు పంపితే లెక్క చెల్లదంటారు. వాలు పోతుంది."

ఆయన కాసేపు బండ మీద కూలబడ్డాడు. తర్వాత మోకాలు పట్టుకుని లేచి, మొదటి గ్లాసు దగ్గర్నుంచి కడగడం మొదలుపెట్టాడు.

"రెండోసారికి డబ్బు కేటాయించలేదన్నా. అడిగి చూస్తాను," అందామె.

కొత్త లెక్క చెల్లింది. ఆ వాలును నరకలేదు. రెండోసారి పాతిన కూలి ఆయనకు ఇంకా రావాలి.