ఐసు ఫ్యాక్టరీలో తొమ్మిదో పాట

ముందే హెచ్చరిస్తున్నాను. ఇది ఒక మనిషి ఒక్క వేలితో హార్బర్‌లో ఒక పడవని గట్టుకి కట్టేసిన కథ. తాడు వాడలేదు, లంగరు వెయ్యలేదు. కుడిచేతి చూపుడు వేలు చాలింది. ఆ వేలు ఇప్పుడు ఈ కాగితం మీద కలం పట్టుకుని, చేసిన పాపం తానే రాసుకుంటోంది. మీరు నవ్వండి. నవ్వమనే రాస్తున్నాను. నవ్వాక కొంచెం జాలిపడితే అది నాకు కాదు, మా బావకి చెందుతుంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. గోపాలపట్నంలో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. ఇప్పటికీ ఉంది. కొట్లో వెనకవైపు ఒక ఎలక్ట్రిక్ గిటారు, నా బుర్రలో ఒక భ్రమ ఉండేవి. గిటారు సెకండ్‌హ్యాండ్‌ది. భ్రమ మాత్రం సీలు తీయని కొత్తది. ఏ కంపెనీ సాయమూ లేకుండా, నేనే రాసి, నేనే పాడి, నేనే వాయించి, నేనే విడుదల చేసే హాస్య రాక్ ఆల్బం ఒకటి చెయ్యాలని ఆ భ్రమ. పేరు కూడా పెట్టేశాను: ‘ఎండుచేపల రాక్’.

ఎనిమిది పాటలు కొట్టు వెనకే రికార్డు చేశాను. సిటీ బస్సు మెట్టు మీద ఒంటికాలితో వేలాడే వాడి మీద ఒక పాట. హార్బర్‌లో పిల్లులు మనుషుల కంటే బలిసి ఉండటం మీద ఒక పాట. స్టీలుప్లాంటులో షిఫ్టు దిగొచ్చి పట్టపగలు గురకపెట్టే మా పొరుగాయన మీద ఒక పాట. ఈ గురక పాటని గుర్తుపెట్టుకోండి. దేవుడు గుర్తుపెట్టుకున్నాడు.

ఎనిమిదీ మా బావకి వినిపించాను. మా బావ దానియేలు, అంటే మా రత్నం అక్క భర్త, ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటర్. నెమ్మదస్తుడు. అన్ని పాటలూ తల వంచుకుని విన్నాడు.

“బాగున్నాయిరా. ఎవులు పోయారేటి?” అన్నాడు.

“పోవడమేటి బావా? నవ్వు పాటలివి!”

“అలగా? ముందే సెప్పాల కదరా మరి. నవ్వుదును.”

ఆ దెబ్బకి నాకు పంతం వచ్చింది. నవ్వించడం రాదంటే ఏడిపించడం వచ్చనే కదా అర్థం! తొమ్మిదో పాట ఒకటి గంభీరంగా, కలలాగా, వినేవాడికి రెప్పలు బరువెక్కేలా చేద్దామనుకున్నాను. మాటలు వద్దు. వట్టి గిటారు. ఒక్కొక్క స్వరం అలా గాలిలో తేలుతూ వెళ్లి ఎక్కడో కరిగిపోవాలి. దానికి తగిన చోటు నాకు తెలుసు.

వేసవిలో రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. పడవలు కదలవు కాబట్టి ఐసూ అక్కర్లేదు. ఆ రోజుల్లో ఒకసారి, మెషీన్ శుభ్రం చేసుకుంటున్న బావకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి, ఆపేసి ఉన్న ఫ్యాక్టరీ హాల్లో ఒక్కసారి చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు గోడలన్నీ తడుముకుంటూ తిరిగి, పైకప్పు కిందికి వెళ్లి కూర్చుని, చాలాసేపటికి గాని సెలవు తీసుకోలేదు. పై కిటికీల్లోంచి సముద్రపు వెలుగు నేల మీద నీలంగా పడుతోంది. ఎక్కడో నీటిబొట్టు రాలితే అది కూడా ఒక పాటలాగే ఉంది. ఆ క్షణమే గిటారు తెచ్చుకుని పని ముగించుకుని ఉంటే ఈ కథే లేదు. కాని నేను కళాకారుణ్ణి కదా, రేపు రేపంటూ రెండు నెలలూ కలలు కంటూ గడిపాను. తా దూర కంత లేదు, మెడకో గిటారు!

తెల్లవారితే నిషేధం ఎత్తేస్తారనగా, ఆదివారం నాడు మేలుకున్నాను. అప్పటికి ఫ్యాక్టరీ నడుస్తోంది. రెండు నెలల తర్వాత మొదటిసారి పడవలన్నీ ఒకేసారి బయలుదేరుతాయి. అన్నిటికీ ఐసు ఆ సాయంత్రమే కావాలి. ఓనరు బావకి ముందే చెప్పాడట: “ఈ ఒక్కరోజు తేడా వచ్చిందంటే మళ్లీ గేటు దాటి లోపలికి రావద్దు.”

సరిగ్గా ఆ ఆదివారమే చర్చిలో అక్క కూతురికి పేరు పెట్టడం. తండ్రి లేకుండా ఎలా? మెషీన్ వదిలి తండ్రి ఎలా? అక్క ఏడుపొకటే తక్కువ. అప్పుడు నేను మేనమామనై ముందుకొచ్చాను.

“మెషీన్ నాను సూసుకుంతాను బావా, నువ్వెల్లు.”

“నువ్వు రాకపోతే ఎలగరా? మేనమావవి!” అంది అక్క.

“పరవానేదక్కా. పేరెక్కడికీ పోదు. ఇంటికొచ్చి పిలుత్తాను.”

అక్క కళ్లు చెమర్చాయి. “మా తమ్ముడు బంగారం,” అని పక్కింటావిడతో కూడా చెప్పింది. బంగారం గిటారు సంచి భుజాన వేసుకుని ఫ్యాక్టరీకి బయలుదేరింది.

బావ వెళ్తూ వెళ్తూ గోడ మీద బోర్డు చూపించాడు. “ఇటు సూడు. పచ్చ మీట, ఎర్ర మీట. నువ్వు రెండూ ముట్టుకోకు. ఈ ముల్లు ఈ గీత దాటితే నాకు ఫోన్ సెయ్. అంతే పని.”

“ఆమాత్రం తెల్దేటి బావా!”

ఆయన వెళ్లాడు. సాయంత్రం లోడింగుకి గాని కూలీలు రారు. నేనూ, ఆ హాలూ మిగిలాం. చెక్కమూతల కింద ఉప్పునీటి తొట్టి, అందులో వరసగా రేకు డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక్కో ఐసు దిమ్మ మెల్లగా గట్టిపడుతోంది. రికార్డర్ చెక్కమూతల మీద పెట్టి ఆన్ చేశాను. చిన్న ఆంప్లిఫయర్ పెట్టుకుని మొదటి తీగ మీటాను.

గూఁ... అంది కంప్రెసర్.

మళ్లీ మీటాను. మళ్లీ గూఁ. అది ఏ స్వరానికీ చెందనిది, రెండు స్వరాల మధ్య గోడ మీద కూర్చున్న పిల్లి లాంటిది. నా పాటంతా దాని ముందు పెళ్లి ఊరేగింపులో జనరేటరు పక్కన నడిచే సన్నాయిలా అయిపోయింది.

పది నిమిషాలు ఆపితే ఏమవుతుంది? రెండు రోజులుగా గడ్డ కడుతున్న ఐసు పది నిమిషాల్లో కరిగిపోతుందా? లెక్కల్లో నేనెప్పుడూ ఇంత తెలివిగా లేను. “పది నిమిసాలే కదా,” అని పైకే అన్నాను, అక్కడ నన్ను ఆపేవాడు ఎవడైనా ఉన్నాడేమో అన్నట్టు. ఎవడూ లేడు. ఎర్ర మీట నొక్కాను. టక్!

అయ్యా, ఆ నిశ్శబ్దం! చెవుల్లోంచి ఎవరో దూది తీసేసినట్టు. ఒక్కో స్వరం పొగలాగా లేచి, పైకప్పు దాకా వెళ్లి, మంచులో తడిసి, మెల్లగా నా మీదికే రాలేది. చెక్కమూతలు చల్లగా ఉన్నాయి. బయట ఎండ మండుతోంది. అలా కాస్త వెనక్కి వాలి వాయించాను. తర్వాత ఇంకాస్త వాలాను.

కలలో సముద్రం గడ్డకట్టి ఉంది. దాని మీద నేను నడుస్తూ వాయిస్తున్నాను. ఓడలు ఎక్కడివక్కడ ఆగి వింటున్నాయి. అడుగున గాజు కింద చేపలు నోళ్లు తెరిచి, వహ్వా వహ్వా అంటున్నాయి. లైట్‌హౌస్ నెమ్మదిగా తల ఊపుతోంది. ఒక పెద్ద వంజరం చేప ఆ గాజుని పగలగొట్టుకుని తల బయటికి పెట్టి నా చెవి దగ్గరికొచ్చింది.

“లెగరా ఎదవా!” అంది.

వంజరం కాదు. పైడమ్మ. సొంత పడవ ఉన్న మనిషి. ఆవిడ కేకేస్తే పడవల మీది కాకులు కూడా లేచి నిలబడతాయని హార్బర్‌లో చెప్పుకుంటారు. పక్కన చర్చి బట్టల్లో బావ. చప్పుడు లేదని గేటు దగ్గరే ఆయనకి అర్థమైందట. పరుగున వచ్చి పచ్చ మీట నొక్కాడు. ఆయన నన్ను తిట్టలేదు. నా వైపు చూడనే లేదు. క్రేనుతో ఒక వరస డబ్బాలు పైకి లేపి, ఒక దిమ్మని బయటికి జార్చాడు. అది నేల మీద పడి రెండుగా విడిపోయింది. మధ్యలోంచి బుడబుడమని నీళ్లు.

పైడమ్మ ఆ నీళ్లని చూసింది. నన్ను చూసింది. గిటారుని చూసింది.

“ఏటిరా ఇది? ఐసడిగితే కొబ్బరిబోండాలిత్తన్నారా? రెండ్నెల్లు గట్టు మీద కూకుని వలలు కుట్టుకున్నాం. రేపు ఊరందరి పడవలూ ఎల్లిపోతే, నా పడవ ఒక్కర్తీ ఒడ్డున కూకుని మీ మేనకోడలికి జోలపాడాలా? మెషీన్ ఆపీసి తొంగున్నావా? నీ పాట ఇని సేపలు సల్లబడతాయనుకున్నావా? ఆ తీగలు పీకి ఎండుసేపలు ఆరేత్తాను సూడు!”

“అమ్మా... పది నిమిసాలే...”

“పొద్దున్న ఎప్పుడో నొక్కీసి, మూడున్నరకి పది నిమిసాలంతన్నాడు! ఒరే, నీకు గడియారం ఎవులిచ్చార్రా?”

అంతలో ఓనరు దిగాడు. మూడు దిమ్మలు పగలగొట్టించాడు. మూడింట్లోనూ నీళ్లే. “ఎవరాపారు?” అన్నాడు.

ఎనిమిది పాటలు పాడిన నోరు. చెప్పుకోదగిన నోరు. తెరుచుకోలేదు. పైడమ్మ ఏదో అనబోయింది. బావ అడ్డం వచ్చి, “తప్పు నాదేనండి. మెషీన్ ఒగ్గీసి ఎల్లకూడదు,” అన్నాడు.

“రేపట్నుంచి రాకు,” అన్నాడు ఓనరు.

నేను గిటారుని సంచిలో పెట్టుకున్నాను. సంచిలో నాకు కూడా చోటుంటే బాగుండేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నా విషయంలో అడుసు తొక్కింది నేను, కాలు కడుక్కున్నది బావ.

మర్నాడు, మిగతా ఫ్యాక్టరీల ఐసు దొరికిన పడవలన్నీ వెళ్లాయి, పైడమ్మది ఒక్కటి తప్ప. ఆ పడవకి ఐసు ఇంకో ఫ్యాక్టరీ నుంచి మంగళవారానికి గాని దొరకలేదు. సోమవారం పొద్దున్న నేను కొట్లో కూర్చుని ఉండగా అక్క ఫోన్ చేసింది.

“తమ్ముడా, బావకి పని పోయింది. ఏటయిందో సెప్పడు. అడిగితే మెషీన్ పాతదంతాడు. నీ కొట్టుకి నలుగురూ వొత్తారు కదా, ఎక్కడన్నా పనుంటే సూడు. నిన్న నువ్వు అంత సాయం సేసావు, ఏటి లాబం?”

ఆయన సొంత పెళ్లానికి కూడా నా పేరు చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక ఏం చెయ్యాలో తోచక రికార్డర్ తీశాను. అప్పుడు తెలిసింది, నేను మెషీన్ అయితే ఆపాను గాని రికార్డర్ ఆపలేదని. మొదట గూఁ. తర్వాత నా గొంతు: “పది నిమిసాలే కదా.” తర్వాత టక్! తర్వాత నాలుగు నిమిషాల గిటారు, నిజం చెప్పాలంటే బాగానే ఉంది. ఆ తర్వాత గురక. గురకంటే అలాంటిలాంటిది కాదు. ఆ హాలు ప్రతిధ్వనితో, గోడగోడకీ తగిలి, పైకప్పు నుంచి రాలి, ఏనుగు గుహలో వేదం చదువుతున్నట్టు ఐదు గంటలు. పొరుగాయన మీద పాట రాసిన పాపం ఊరికే పోతుందా? చివర్లో పైడమ్మ, బావ, ఓనరు. నా మౌనం కూడా స్పష్టంగా రికార్డయింది.

రికార్డర్ జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. ఓనరు గదిలో పైడమ్మ ఐసు గురించి పోట్లాడుతోంది.  బల్ల మీద రికార్డర్ పెట్టి నొక్కాను.

టక్ దగ్గర ఓనరు ముఖం ఎర్రబడింది. “నువ్వా?” అన్నాడు.

“నానేనండి. బావ తప్పు నేదండి. నన్ను నమ్మడమే ఆయన తప్పు.”

గిటారు అయ్యేదాకా ఆయన నన్ను ఉతికి, ఇంకేదో అనబోయేంతలో గురక మొదలైంది. ఒక్క నిమిషం ముగ్గురం విన్నాం. ఓనరు పెదవి బిగించి చూశాడు. కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదిలాయి. పైడమ్మ అయితే దాపరికం లేకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. “ఓలమ్మో! ఒడ్డుకొచ్చిన తిమింగలంరా నువ్వు!” ఇక నేను ఐదు గంటల గురకని ముందుకి జరిపి, తన తిట్లు వచ్చేసరికి ఆవిడ నవ్వు ఆపి, తల ఊపుతూ, శ్రద్ధగా వింది. “బాగానే తిట్టీసేను కదా,” అంది తృప్తిగా.

ఓనరు కళ్లు తుడుచుకుని బావకి ఫోన్ చేసి రమ్మన్నాడు. నాకు శిక్ష వేసింది మాత్రం పైడమ్మ: నెల్లాళ్లు సాయంత్రాలు తన పడవకి ఐసు మొయ్యాలి, ఆ గురకనీ తన తిట్లనీ ఆల్బంలో పెట్టాలి.

“పాట నీది కాదు, నాది. నా పేరు పైనుండాల,” అంది.

పెట్టాను. గానం: పైడమ్మ. గురక: నేను. గిటారు కూడా నేనే అని కింద చిన్న అక్షరాల్లో. రిపేరుకొచ్చిన ప్రతి ఫోన్‌లోనూ అడక్కుండా ఆల్బం ఎక్కించి విడుదల చేశాను. ఎనిమిది పాటలు విన్నవాళ్లు ఫోన్‌లో వైరస్ ఉంది తియ్యమని తిరిగొచ్చారు. తొమ్మిదోది విన్నవాళ్లు ఇంకో ఫోన్‌లోకి కూడా ఎక్కించమని వచ్చారు. నవ్వించాలని చేసిన ఎనిమిదీ ఎవరినీ కదపలేదు. గంభీరంగా చేసిన ఒక్కదానికి హార్బర్ హార్బరంతా పొట్ట పట్టుకుంది. పైడమ్మ పడవలో తెల్లవారుజామున నిద్ర ముంచుకొస్తే ఇప్పటికీ ఆవిడ తిట్ల దగ్గరి నుంచి పెట్టుకుంటారట. మా మేనకోడలు పాలు తాగే రోజుల్లో నిద్రపోనని మొండికేస్తే అక్క గురక దగ్గరి నుంచి పెట్టేది. పేరు పెట్టేటప్పుడు లేని మేనమామ జోలపాటకి పనికొచ్చాడు.

బావ ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కసారి మాత్రం, ఆల్బం అంతా మళ్లీ విని, “మొదట్లో మన మెషీన్ సౌండుంది సూడు, అదొక్కటీ బాగుందిరా,” అన్నాడు.

కాబట్టి సముద్రం సాక్షిగా, పైడమ్మ నోటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మోగుతున్న ఏ మోటారునీ ఈ చేత్తో ఈ జన్మలో ఆపను.

ఇది రాస్తుంటే మా ఆవిడ మేడ మీంచి అరుస్తోంది. “మోటారేసి గంటయింది! ట్యాంకు నిండి వీధిలోకి కారిపోతంది, మీట నొక్కండి!” నేను కదల్లేదు. ప్రమాణం ప్రమాణమే. హార్బర్‌కి ఫోన్ చేశాను. బావ బస్సెక్కాడట, వచ్చి ఆపుతాడు.