పోస్టులో అందరూ క్షేమం

ఆ పోస్టుకు చేరింది జనవరి మొదటి వారంలో, మధ్యాహ్నం రెండుంబావుకు. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తు. ఆరుగురం ఒకే తాడుకు కట్టుకుని తొమ్మిది గంటలు ఎక్కాం. పైన ఒక ఫైబర్ గుడిసె, మంచులో తవ్విన బంకరు, కిరోసిన్ పొయ్యి, ఒకే ఒక్క ఆక్సిజన్ సిలిండరు, నా రేడియో సెట్టు. తొంభై రోజుల డ్యూటీ. పదకొండో రోజు మంచు చరియ విరిగిపడి కిందికి దారి మూసుకుపోయింది. ఆ తర్వాత మాకు నడవడానికి మిగిలింది గుడిసె నుంచి బంకరుకు ఇరవై అడుగులు.

రేడియో నా పని. గంటగంటకూ కింది బేస్‌కు "పోస్టులో అందరూ క్షేమం" అని చెప్పి, లాగ్ పుస్తకంలో టైము రాసి సంతకం పెట్టాలి.

మా పోస్టు కమాండర్ ఒక సుబేదారు. తన పొడి సాక్సులు నాకిచ్చి, నా తడివి తను తొడుక్కున్న మనిషి. నన్ను బేటా అనేవాడు. వంటవాడు శ్రీకాకుళం వైపు వాడు. నాది చేవెళ్ల దగ్గరని అతనికి తెలుసు. "ఏటి తమ్ముడూ, మీ సేవెళ్ల టమాటాలు నాలుగుంటే సాలు, సారు కాసి పడీసేద్దును" అనేవాడు, డబ్బాలోని ఉల్లిపాయ పొడిని చూస్తూ.

అతనికి కింద ఉన్నప్పుడే దగ్గు. వేరే వంటవాడు లేడని సుబేదారు డాక్టరుతో బాగానే ఉన్నాడని రాయించి పైకి తెచ్చాడు. ఇరవై ఆరో రోజు పొద్దున అతని పెదవులు నీలమయ్యాయి. ఆకాశం తేటగా ఉంది. గాలి లేదు. అడిగితే నలభై నిమిషాల్లో హెలికాప్టర్ వచ్చేది.

"సాబ్, హెలికాప్టర్ అడగనా?" అన్నాను హిందీలో.

"దగ్గే బేటా. సాయంత్రానికి తగ్గుతుంది. దగ్గున్నవాణ్ని ఎందుకు తెచ్చావని నన్నడుగుతారు. రిపోర్టు ఇచ్చెయ్."

తొమ్మిదికి ఇచ్చాను. గొంతు తడబడలేదు. ఎందుకు తడబడలేదో చెప్పాలి.

మాది మొయినాబాద్ పక్కన ఎంకపల్లి. మా నాన్న, మా బాపు, మండలంలో లీడరు. భూమి కాగితాల కోసం, తగాదాల కోసం జనం వచ్చేవారు. ఆయన లోపలి అర్రలో కూర్చుని నన్ను గేటు దగ్గరికి పంపేవాడు. బాపు చేవెళ్ల పోయిండని చెప్పాలి. ఎనిమిదేళ్లకే అది నాకు మంచినీళ్లు తాగినంత తేలిక. ఒకసారి ఒక అవ్వ చిల్కూరు నుంచి నడిచి వచ్చింది.

"ఎప్పుడొస్తడు బిడ్డా?"

"మాపటికొస్తడవ్వా."

పొద్దుగూకేదాకా గేటు పక్కన కూర్చుంది. నేనే చెంబుతో నీళ్లిచ్చాను. లోపలికెళ్తే బాపు నా వీపు తట్టి, "చూసినవా, పోరని మొఖంల ఏం తెలుస్తలేదు" అన్నాడు అమ్మతో. ఆ రోజంతా పొంగిపోయాను. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క విద్యకే.

పదికీ ఇచ్చాను. పదకొండయ్యేసరికి వంటవాడి ఛాతీలో గురగుర మొదలైంది. నన్ను ఎవరి పేరుతోనో పిలిచాడు. సుబేదారు నా మోకాలికి తన మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. ఆ గుడిసెలో ఎటు జరిగినా ఎవరో ఒకరి ఊపిరి ముఖాన తగిలేది. ఆయన సెట్టు వైపు చూశాడు. నా నోట అదే మాట వచ్చింది.

పన్నెండుకు మాత్రం చేతకాలేదు. "సాబ్, చెప్పేస్తున్నా" అని బటన్ నొక్కాను.

"ఒకరికి సీరియస్. ఊపిరితిత్తుల్లో నీరు. హెలికాప్టర్ కావాలి."

"ఎప్పటినుంచి?"

"పొద్దున్నుంచి."

గరగరలోంచి బేస్ ఆపరేటరు గొంతు. "మరి పొద్దున ఎందుకు చెప్పలేదు? ఇక్కడ మేఘం కమ్మేసింది."

సుబేదారు తల పట్టుకున్నాడు.

మేఘం కదల్లేదు. సిలిండరు ఆ సాయంత్రానికే అయిపోయింది. పడుకుంటే ఊపిరాడదని, వంతులేసుకుని అతని వీపును మా వీపులకు ఆనించి కూర్చోబెట్టాం. మర్నాడు మధ్యాహ్నం మూడూ పదికి, నా వంతులోనే, ఆ వీపు కదలడం మానేసింది. లాగ్‌లో ఆ టైమూ నేనే రాశాను. హెలికాప్టర్ మూడోరోజు పొద్దున వచ్చి శవాన్ని తీసుకెళ్లింది.

మిగిలిన అరవై రోజులు అదే గుడిసె, ఎదురుగా అదే సుబేదారు. అంత ఇరుకులోనూ వంటవాడు పడుకున్న చోటులోకి ఎవరం కాళ్లు చాపలేదు.

విచారణలో ఆఫీసరు ఆర్డరు ఎవరిదని అడిగాడు. "సుబేదారు సాబ్‌ది. మూడుసార్లు చెప్పింది మాత్రం నేనే సర్" అన్నాను. సుబేదారును సర్వీసు నుంచి పంపేశారు. నన్ను మందలించి వదిలారు.

సెలవుకు వచ్చి మొయినాబాద్‌లో దిగితే బాపు కారుతో నిలబడి ఉన్నాడు. చేవెళ్లలో మీటింగుందంటే ఇద్దరం అటే పోయాం. దారిలో అంతా చెప్పాను. చేవెళ్ల వచ్చేదాకా విన్నాడు.

"పెద్దోడు చెప్పిండు, నువ్వు ఇన్నవ్. గండ్ల నీ తప్పేమున్నది?"

"అబద్ధం మస్తు అల్కగ వచ్చింది బాపూ, నీళ్లు తాగినట్టు. గదే నా ఫికర్."

ఆయనకు అర్థం కాలేదు. కారు దిగి, ఎదురొచ్చిన వాళ్లకు దండం పెడుతూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఊళ్లో అందరూ మంచు గురించి, చలి గురించి అడుగుతారు. చెప్తాను. ఒక్కటి ఎవరికీ చెప్పలేదు. నేను పదకొండు గంటల రిపోర్టు ఇస్తున్నప్పుడు వంటవాడికి ఒక్క క్షణం తెలివి వచ్చింది. సెట్టుకు మూడడుగుల దూరంలో ఉన్నాడు. అందరూ క్షేమం అనగానే కళ్లు తెరిచి నన్ను చూశాడు. కోపం లేదు. నా మాట నమ్మాడు. తనకు నిజంగానే నయమైనట్టు, మెల్లగా తలూపాడు.