కలోందవ్వ చచ్చుబడ్డ నాలుక

కలోందవ్వకు ఉప్పు తెలియదు. కెన్యాలో కితూయి దగ్గరి ఆ బడిలో నాలుగు వందల మంది పిల్లలకు పదకొండేళ్లుగా వండి వారుస్తున్న మనిషికి, తన గంగాళంలో ఉప్పు పడిందో లేదో తెలియదు. ఈ లోపాన్ని ఆవిడ దాచుకోలేదు సరికదా, రోజూ పొద్దున పది గంటలకు వంటపాక గుమ్మంలో నిలబడి లోకానికి చాటేది.

"నా నాలుక చచ్చిందర్రోయ్! నాలుకలు పంపండి!"

ఆ కేకకు హెడ్మాస్టరు ముసెంబి గారి చేతిలో సుద్దముక్క ఠంచనుగా విరిగేది. ఆయన క్రమశిక్షణకు ప్రాణమిచ్చే మనిషి. భార్యాబిడ్డలు పట్నంలో ఉంటే, తాను బడి పక్క గదిలో మూడు రాళ్ల పొయ్యి మీద టీ కాచుకుని బతుకుతూ, ఈ బడిని ఒక దారికి తేవాలని తాపత్రయపడేవారు.

పేర్లు ఆవిడే పిలిచేది. "వాంజా! నీ నాలుక ఇలా పట్రా! మూమో, నువ్వూనూ!" ఒకనాడు ఆరుగురు, ఇంకోనాడు పది మంది. దంచిన మొక్కజొన్నా, చిక్కుడు గింజలూ కలిసి ఉడికిన ముథోకోయి తలా ఒక గరిటెడు పడేది.

"ఉప్పు సరిపోయిందా?"

"ఇంకో గరిటె చూస్తేగాని చెప్పలేం అవ్వా!"

ఇంకో గరిటె పడేది. తీర్పు మూడో గరిటె దాకా వాయిదా పడేది. ఉప్పు విషయంలో ఇంత సుదీర్ఘ విచారణ ఏ న్యాయస్థానంలోనూ జరిగి ఉండదు.

నాలుక సంగతి అలా ఉంచితే, ఆవిడకు వదలని జలుబు ఒకటి. పొద్దున్నే పిల్లలు తలా ఒక కట్టెపుల్లా, డబ్బాడు నీళ్లూ తెచ్చి గేటు దగ్గర అప్పగిస్తుంటే, ఒక్కొక్కరినీ దగ్గరకు లాక్కుని కట్టె అందుకుంటూ సర్రుసర్రున ముక్కు ఎగబీల్చేది.

"ఆస్పత్రికి వెళ్లి ఆ ముక్కూ, ఆ నాలుకా చూపించుకోరాదూ?" అన్నారు ముసెంబి గారు ఒకసారి.

"చూపిస్తే డాక్టరు తన నాలుక కోసిస్తాడా మాస్టారూ?"

ఇంతలో పిడుగు పడింది. పిల్లల తిండికీ, పుస్తకాలకూ చందాలు పోగేసి పంపే నైరోబీ సంస్థ నుంచి మకేనా అనే ఆవిడ ఫోను చేసింది. "మీ వంటమనిషికి రుచి తెలియదట. వంట దించకముందే కొందరు పిల్లలు తినేస్తున్నారట. గురువారం వచ్చి స్వయంగా తింటాను. బాగాలేకపోతే వేరే మనిషిని పెడతాం."

గురువారం నాడు ముసెంబి గారు కంగారులో పొయ్యి కూడా వెలిగించలేదు. నేరుగా వంటపాకకు పరిగెత్తారు.

"అవ్వా, నీకు పుణ్యముంటుంది. ఈ ఒక్కరోజూ నాలుకలను పిలవకు."

"చచ్చిన నాలుక చుట్టాలొచ్చారని లేచి కూర్చుంటుందా మాస్టారూ?"

మకేనా కారు దిగింది. పిల్లలు స్వాగతం పాట ఎత్తుకున్నారు. కలోందవ్వ గరిటె పడేసి, గొంతెత్తి కేకలు వేస్తూ, భుజాలు ఎగరేస్తూ అందరికంటే ముందుకు దూకింది. అదే అదనుగా ముసెంబి గారు పాకలో దూరి, దేవుణ్ణి తలుచుకుని, పిడికెడు ఉప్పు గంగాళంలో వేసి కలియబెట్టారు.

ఆట ముగించి వచ్చిన కలోందవ్వ ఒక్క గింజ తీసి నాలుక కొసకు తగిలించింది. తూ అని ఊసేసింది.

"ఎవర్రా నా గంగాళంలో రెండో పిడికెడు ఉప్పు వేసింది?"

"రెండోదని నీకెలా తెలుసు?" అనేశారు ముసెంబి గారు. అని, నాలుక కరుచుకున్నారు. అప్పటికే ఆలస్యమైంది.

గుమ్మంలో మకేనా నిలబడి ఉంది. "రుచి తెలియదని చెప్పారే?"

పదయింది కదా అని, పొద్దున గేటు దగ్గరే అవ్వ చెప్పి ఉంచిన ఆరు నాలుకలూ, పిలవకుండానే అప్పుడే వచ్చి వరస కట్టాయి.

"వీళ్లెవరు?"

కలోందవ్వ గొంతు తగ్గించింది. "ఆ పిల్ల స్వెట్టరు వాసన చూడమ్మా."

మకేనా వంగి, వాంజాను ముద్దు చేస్తున్నట్టు దగ్గరకు తీసుకుంది. "ఏ వాసనా లేదే?"

"అదే మరి. పొగ వాసన లేదు. నిన్నట్నుంచీ వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు. ఆకలైనవాళ్లు రండ్రా అంటే ఒక్కడు కదలడమ్మా, చచ్చేంత రోషం. నాలుక అరువడిగితే మాత్రం పరిగెత్తుకొస్తారు."

గేటు దగ్గరి ఆ ఎగబీల్పులు గుర్తొచ్చి, ముసెంబి గారు ఆవిడకు తాను అంటగట్టిన జలుబును మనసులోనే వెనక్కి తీసుకున్నారు.

మకేనా పుస్తకంలో ఏదో రాసుకుని తలెత్తింది. "ఇంత పెద్ద గంగాళానికి ఆరు నాలుకలేం సరిపోతాయి? నాలుగు వందలూ కావాలి. రోజూ పదింటికి బడి మొత్తానికీ చోడి జావ. రుచి చూడ్డానికి. పైవాళ్లకు నేను చెప్పుకుంటాను."

"వంటమనిషి సంగతి?" అన్నారు ముసెంబి గారు.

"ఈ ముక్కును మారిస్తే కొత్తది ఎక్కడ దొరుకుతుందండీ?"

కలోందవ్వ ఎగిరి గంతేసింది. గంగాళంలో పోయడానికి రెండు బిందెల నీళ్లు తెమ్మని ముసెంబి గారికి శిక్ష వేసింది. ఆయన బిందె అందుకోబోతుంటే కోటు పట్టుకుని ఆపి, సర్రున ముక్కు ఎగబీల్చింది.

"నా నాలుక మళ్లీ చచ్చింది మాస్టారూ. ఇలా కూర్చోండి."

గరిటెడు పెట్టింది. నములుతుంటే, తాను వేసిన ఉప్పుకు ముసెంబి గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరుగురు పిల్లలూ ఆయన నోటి వంకే చూస్తున్నారు.

"ఉప్పు సరిపోయిందా?"

ఆయన కోటు సర్దుకుని, హోదాకు తగిన గాంభీర్యంతో గిన్నె ముందుకు చాపారు.

"ఇంకో గరిటె చూస్తేగాని చెప్పలేను."